భార్యకు ఇల్లుంటే భర్తకు ‘మొదటి ఇల్లు’ రాయితీ వస్తుందా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో హోమ్‌లోను కోసం వచ్చే జంటల నోట తరచూ వినపడే మాట ఇది: “ఇల్లు మా ఆవిడ పేరు మీద ఉండాది సార్, నా పేరు మీద ఏమీ లేదు. నాకు ఫస్ట్ హోమ్ కిందే కదా?” ఈ ధీమాతోనే బిల్డర్‌కు అడ్వాన్సు ఇచ్చేస్తారు. రాయితీ రాదని తెలిసేది ఆ తర్వాత.

అపోహ: పాత ఇల్లు ఆమెది, కొత్త లోను నాది. రెండూ వేరు.

వాస్తవం: ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో లెక్క మనిషిది కాదు, కుటుంబానిది. కుటుంబమంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. వీళ్లలో ఎవరి పేరు మీదైనా, దేశంలో ఎక్కడైనా పక్కా ఇల్లుంటే వడ్డీ రాయితీ లేదు. కావలిలో పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన రెండు గదుల డాబా అయినా సరే, అది పల్లెలో ఉన్నా సరే. “పెళ్లికి ముందు నుంచే ఉంది కదా” అన్న వాదన కూడా పనిచేయదు. ఇచ్చింది ఖాళీ స్థలమైతే మాత్రం భయం లేదు. స్థలం పక్కా ఇల్లు కాదు.

మరి ఒకప్పుడు ఇల్లుండి అమ్మేసినవాళ్ల సంగతి? సొంత డబ్బుతో కొన్నది రిజిస్టర్డ్ సేల్‌డీడ్‌తో అమ్మేసి ఉంటే, ఇప్పుడు ఇల్లు లేనట్టే. చిక్కంతా “అగ్రిమెంటు మీద ఇచ్చేశాం” అనేవాళ్లతోనే. నోటరీ అగ్రిమెంటుతో యాజమాన్యం చేతులు మారదు. ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇచ్చే ఆస్తి లావాదేవీల చిట్టా) తీస్తే ఇంకా పాత పేరే కనిపిస్తుంది.

ఇంతకంటే ఎక్కువమందిని దెబ్బతీసేది ఇరవై ఏళ్ల నిబంధన. కేంద్రం, రాష్ట్రం, స్థానిక సంస్థ - ఏ ప్రభుత్వ గృహ పథకంలోనైనా గత 20 ఏళ్లలో లబ్ధి పొంది ఉంటే అర్హత పోతుంది. మన దగ్గర టిడ్కో ఫ్లాట్లు (పట్టణ పేదలకు రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కట్టించినవి), కాలనీ ఇళ్లు ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పేరు మీదే మంజూరయ్యాయి. వెంకటేశ్వరపురంలో వచ్చిన టిడ్కో ఫ్లాటును ఎవరికో నోటిమాటగా అప్పగించి, అద్దె ఇంట్లో ఉంటూ, “మాకు సొంతిల్లు లేదు” అనుకునే కుటుంబాలున్నాయి. ఆధార్ అలా అనుకోదు. దరఖాస్తులో కుటుంబసభ్యులందరి ఆధార్ ఇవ్వాలి, పక్కా ఇల్లు లేదని రాసి సంతకం చేయాలి. ఆ రాసింది తప్పని తేలితే వచ్చిన రాయితీ వెనక్కి కట్టాలి. అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే మీ వార్డు లేదా గ్రామ సచివాలయానికి వెళ్లి ఇద్దరి ఆధార్ నంబర్ల మీదా పాత హౌసింగ్ లబ్ధి ఏమైనా ఉందా అని చూపించుకోండి.

అపోహ: ఒకేసారి 2.67 లక్షలు పడతాయి.

వాస్తవం: అది పాత పథకం. 2022 మార్చి 31తో అయిపోయింది. బ్రోకర్ల నోట్లో మాత్రం ఇంకా బతికే ఉంది! ఇప్పుడు గరిష్ఠం 1.80 లక్షలు, అదీ ఐదు వార్షిక వాయిదాల్లో. మొదటి 8 లక్షల అప్పు మీద, 12 ఏళ్ల వరకు 4 శాతం వడ్డీ రాయితీ లెక్కన. కుటుంబ వార్షికాదాయం 9 లక్షలు, లోను 25 లక్షలు, ఇంటి విలువ 35 లక్షలు, కార్పెట్ ఏరియా 120 చదరపు మీటర్లు - వీటిలో ఏది దాటినా లేదు. లోను 2024 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ తీసుకున్నదై ఉండాలి. ప్రతి రాయితీ వాయిదా ఖాతాలో పడే నాటికి లోను అసలులో సగానికి మించి బాకీ ఉండాలి. చేతిలో డబ్బుందని తొందరపడి తీర్చేస్తే మిగతా వాయిదాలు పోతాయి.

అపోహ: మా ఆయనకు ఇల్లుంది, కాబట్టి నాకు పన్ను మినహాయింపూ లేదు.

ఇది తిరగబడిన భయం. ఆదాయపు పన్ను లెక్క మనిషిదే. హోమ్‌లోను వడ్డీకి సంబంధించిన 80ఈఈఏ సెక్షన్ కింద అదనపు 1.5 లక్షల మినహాయింపుకు, లోను మంజూరైన రోజున ఆ పన్నుదారుకు ఇల్లు ఉండకూడదు, అంతే. భర్తకు ఒంగోలులో రెండు ఫ్లాట్లున్నా భార్య హక్కు పోదు. కాకపోతే లోను 2019 ఏప్రిల్ 1 - 2022 మార్చి 31 మధ్య మంజూరై ఉండాలి, ఇంటి స్టాంపు విలువ (స్టాంపు డ్యూటీకి లెక్కగట్టేది) 45 లక్షలు మించకూడదు, పాత పన్ను విధానంలో ఉండాలి. ఇంకో మెలిక: ముందు ఇంటి లోను వడ్డీకి మామూలుగా వచ్చే 24(బి) సెక్షన్ మినహాయింపులో 2 లక్షలు నిండాలి, ఆపైన మిగిలిన వడ్డీకే ఇది. ఆమె ఒక్కదాని పేరు మీద 35 లక్షల బాకీ, 8.5 శాతం వడ్డీ ఉంటే ఏడాదికి సుమారు 2.95 లక్షలు. అంటే ఇక్కడ దక్కేది 95 వేలు. అదే లోను, ఇల్లు చెరి సగమైతే ఒక్కొక్కరి వాటా 1.5 లక్షల లోపే. 80ఈఈఏ వరకు రానే రాదు.

ఊళ్లో నాన్న పేరు మీద ఇల్లుందని కంగారుపడేవాళ్లూ ఉన్నారు. ఆవాస్ యోజనలో పెళ్లయినవాళ్ల కుటుంబం లెక్కలో నాన్న రాడు.

ఇక “మొదటి ఇల్లు, రిజిస్ట్రేషన్‌లో తగ్గిస్తారంట” అనే మాట. మన రాష్ట్రంలో అలాంటిదేమీ లేదు. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. డాక్యుమెంట్ ధర, ప్రభుత్వ విలువ, రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద. 35 లక్షల ఫ్లాటుకు 2,62,500 రూపాయలు విడిగా పెట్టుకోండి.