పెళ్లి వీడియో, టొరెంట్, ఒక పాత పెన్‌డ్రైవ్

ముహూర్తాలు దగ్గర పడగానే నెల్లూరు, ఒంగోలు ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక హెచ్చరిక తిరగడం ఆనవాయితీ అయిపోయింది. టొరెంట్ (ఇంటర్నెట్‌లో ఒకరి కంప్యూటర్ నుంచి మరొకరు ఫైళ్లు దించుకునే సాధనం) ఉన్న సిస్టమ్‌లో పెళ్లి డేటా పెట్టవద్దు అన్నది దాని సారాంశం. ఈసారి విషయం హెచ్చరికతో ఆగలేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక మిక్సింగ్ యూనిట్‌లో మూడు పెళ్లిళ్ల వీడియోలు ఒక్కరోజులో తెరుచుకోకుండా పోయాయి. స్టూడియో యజమాని కంప్యూటర్ మెకానిక్‌ను నిలదీశాడు. పెళ్లివారు వచ్చి ఇద్దరినీ నిలదీశారు. ఊరి పేరు చెప్పడం లేదు. చెప్పినా పెద్ద తేడా ఉండదు, ఇదే తగవు కావలిలో, కందుకూరులో, మార్కాపురంలో వేరే పేర్లతో నడుస్తూనే ఉంటుంది.

యజమాని వాదన చిన్నది: టొరెంట్ ఎక్కించింది మెకానిక్, వైరస్ టొరెంట్‌లోంచే వచ్చింది, నష్టం మెకానిక్ భరించాలి.

మెకానిక్ చెప్పేది కాస్త పొడుగు. అతను ఎక్కించింది ఫైళ్లు దించుకునే సాధనాన్ని మాత్రమే. దానితో స్టూడియో దించుకున్నది వేల రూపాయలు పెట్టి కొనవలసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను, దాని తాళం తీసే క్రాక్‌ను. ఆ జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంది. యాంటీవైరస్ లోపలికి తొంగిచూడకుండా ఉండేందుకే సాధారణంగా ఆ పాస్‌వర్డ్ పెడతారు. తోడుగా ఉన్న చిన్న నోట్‌లో మొదటి వాక్యమే ‘యాంటీవైరస్ ఆపేయండి’. ఆపేశారు. సాయంత్రానికి ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు అడిగే చీటీ ప్రత్యక్షమైంది.

ఇంటర్నెట్‌లో పాటలు పంచుకోవడం ఎలా మొదలైందో, నాప్‌స్టర్ ఎలా మూతపడిందో చాలామందికి తెలిసిన సంగతే. ఈ తగవుకు అదంతా అక్కర్లేదు. 2001 జులైలో బ్రామ్ కోహెన్ విడుదల చేసిన బిట్‌టొరెంట్ పద్ధతిలో ఒక్క అంశం తెలిస్తే చాలు. ఫైలును ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కకూ లెక్కకట్టిన ఒక గుర్తు ఉంటుంది. ఎవరెవరి కంప్యూటర్ల నుంచో వచ్చిన ముక్కల్లో గుర్తుతో సరిపడనిదాన్ని పారేసి, మళ్లీ తెచ్చుకుంటుంది. అంటే మొదట పెట్టినవాడు ఏది పెట్టాడో అదే అణువు తేడా లేకుండా మన దగ్గరకు చేరుతుంది. మంచి పెడితే మంచి, విషం పెడితే విషం. దారిలో కల్తీ జరగకుండా చూడటం దాని పని. మూటలో ఏముందో చూడటం దాని పని కాదు.

మరి ‘యాంటీవైరస్ ఆపేయండి’ అనే మాటను ఇంతమంది అంత తేలిగ్గా ఎలా నమ్మారు? నా లెక్కలో ఈ తగవు అంతటికీ మూలం ఈ ప్రశ్న దగ్గరే ఉంది. దానికి జవాబు కోసం 2015 మార్చికి వెళ్లాలి.

అంతకు ముందు పదేళ్లుగా టొరెంట్లు దించుకునే యూటొరెంట్ సాఫ్ట్‌వేర్ అంటే మెకానిక్‌లకు ప్రాణం. 2005లో లుడ్విగ్ స్ట్రిజియస్ అనే స్వీడన్ ప్రోగ్రామర్ రాసిన ఆ సాఫ్ట్‌వేర్ పరిమాణం ఒక మెగాబైటు కూడా ఉండేది కాదు. పాత కంప్యూటర్లలోనూ బరువు తెలియకుండా నడిచేది. 2006 డిసెంబరులో బిట్‌టొరెంట్ కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఉచితంగా ఇచ్చేదానితో సంపాదించాలంటే ప్రకటనలే దారి. 2012లో సాఫ్ట్‌వేర్ లోపలికే ప్రకటనలు వచ్చాయి. ఇన్‌స్టాల్ చేస్తుంటే మధ్యలో వేరే కంపెనీల సరుకు కూడా అంటగట్టడం మొదలైంది. ‘నెక్స్ట్, నెక్స్ట్’ అని నొక్కుకుంటూ పోయేవారికి బ్రౌజర్‌లో కొత్త టూల్‌బార్లు బోనస్‌గా దక్కేవి.

2015 మార్చిలో 3.4.2 కూర్పు వాడుతున్నవారు తమ కంప్యూటర్లు ఊరికే వేడెక్కుతున్నాయని గమనించారు. వెతికితే ఎపిక్ స్కేల్ అనే మరో ప్రోగ్రాం కనిపించింది. వాడుకరి కరెంటుతో, వాడుకరి ప్రాసెసర్‌తో అది లైట్‌కాయిన్ అనే క్రిప్టో నాణేలను తవ్వుతోంది. అనుమతి అడగకుండా పెట్టలేదని, అంగీకరించినవారికే వచ్చిందని కంపెనీ చెప్పింది. ఆ తర్వాత దాన్ని ఇవ్వడం మానేసింది. కంపెనీ మాట అక్షరాలా నిజమే అనుకుందాం. ఆ అంగీకారం ఎటువంటిదో ‘నెక్స్ట్’ నొక్కిన ప్రతివారికీ తెలుసు.

దీని ఫలితం రెండు రకాలుగా వచ్చింది. ఒకటి, ఇటువంటి సరుకు అంటించుకున్న యూటొరెంట్‌ను యాంటీవైరస్‌లు ‘అవాంఛిత సాఫ్ట్‌వేర్’ అని పట్టుకోవడం. వాడేవారికి మాత్రం అది రోజూ వాడే పనిముట్టు. కాబట్టి దాన్ని బతికించుకోవడానికి యాంటీవైరస్ నోరు నొక్కడం నేర్చుకున్నారు. ‘అది ఊరికే అరుస్తుందిలే’ అన్న మాట సర్వీసింగ్ షాపుల్లో శాస్త్రవాక్యమైపోయింది. నిజంగా దొంగ వచ్చిన రోజున కూడా కుక్క ఊరికే మొరుగుతోందనే అనుకున్నాం.

రెండోది పెన్‌డ్రైవ్. కొత్త కూర్పులు చెడిపోయాయి, 2.2.1 దగ్గర ఆగిపోవడమే మేలు అని ప్రపంచవ్యాప్తంగా చాలామంది తీర్మానించుకున్నారు. మన షాపుల్లో ఆ తీర్మానం పెన్‌డ్రైవ్ రూపం దాల్చింది. ఒక షాపు నుంచి మరో షాపుకు, గురువు నుంచి శిష్యుడికి, ఏళ్ల తరబడి అదే ఫైలు. అది ఎక్కడెక్కడ తిరిగిందో, మధ్యలో ఏం అంటుకుందో ఎవరికీ పట్టలేదు. మెకానిక్ వాదనలో నాకు తక్కువ నచ్చే చోటు ఇదే. సాధనం నిర్దోషి అన్నాడు సరే, ఆ సాధనం ఎక్కడిది అని అడిగితే జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. 2018 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపాలు వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరోకు చెందిన టావిస్ ఆర్మండీ యూటొరెంట్‌లో లోపాలు బయటపెట్టారు. బ్రౌజర్‌లో ఒక దుష్ట వెబ్‌సైటు తెరిస్తే చాలు, అది దించుకున్న ఫైళ్ల దాకా చేయి చాపగలదు. కంపెనీ సరిచేసిన కూర్పు విడుదల చేసింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదానికి ఎవరూ ఇంటికి వచ్చి సవరణ ఇవ్వరు.

దాదాపు ఆ రోజుల్లోనే స్టాప్ అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, తలెత్తింది. డీజేవీయూ పేరుతో ఎక్కువగా తెలిసిన దాని రూపం 2018 చివర వచ్చింది. మన స్టూడియోకు తగిలిందీ ఇదే. ఇది పెద్ద కంపెనీల గోడలు దూకేది కాదు. ప్రధానంగా క్రాక్‌లలో, ఉచిత కీలు పుట్టిస్తామనే ప్రోగ్రాముల్లో దాక్కుని వస్తుంది. అంటే డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేని విద్యార్థులు, చిన్న షాపులు, మిక్సింగ్ యూనిట్లు దానికి దొరికే మనుషులు. ఎక్కువగా 980 డాలర్లు అడిగేది, 72 గంటల్లో కడితే సగం అనేది. బేరమాడే గుణం కూడా చిన్న వ్యాపారికి తగ్గట్టే ఉంది. 2019 అక్టోబరులో ఎమ్సీసాఫ్ట్ కంపెనీ దాని 148 రకాలకు ఉచిత విరుగుడు ఇచ్చింది. అయితే ఆ ఏడాది ఆగస్టు చివరి నుంచి వచ్చిన కొత్త రకాలు తాళం పద్ధతి మార్చుకున్నాయి. వాటిలో అధిక భాగానికి ఆ విరుగుడు పనిచేయదు.

పెళ్లివారి భయం వేరు. వీడియో పోతే పోయింది, మా ఆడపిల్లల ఫొటోలు టొరెంట్‌లో ఊరంతా చూస్తున్నారా అని వారు అడుగుతున్నారు. ఆ భయం గాలిలోంచి పుట్టలేదు. కజా, లైమ్‌వైర్ అనే పాత ఫైలు పంపక ప్రోగ్రాముల కాలంలో ఒక ఫోల్డర్ మొత్తాన్ని లోకానికి తెరిచిపెట్టే పద్ధతి ఉండేది. పొరపాటున ‘మై డాక్యుమెంట్స్’ ఎంచుకున్నవారి ఆదాయపు పన్ను కాగితాలు, వైద్య నివేదికలు బయటి వారికి దొరికేవి. 2010 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాదాపు 100 సంస్థలకు మీ దగ్గరి వ్యక్తిగత వివరాలు ఇలా పారుతున్నాయని లేఖలు రాసింది. బిట్‌టొరెంట్ ఆ పని చేయదు. ఏ టొరెంట్‌ను తెరిచామో అందులోని ఫైళ్లనే పంచుతుంది, పక్కన ఉన్న పెళ్లి ఆల్బం డిజైన్ల జోలికి పోదు. కానీ క్రాక్‌తో పాటు వచ్చే దొంగ ప్రోగ్రాముల్లో పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయేవీ ఉంటాయి. డీజేవీయూ చాలాసార్లు అటువంటి తోడుతోనే దిగుతుంది. అందుకే పెళ్లివారికి పూర్తి అభయం ఇవ్వడం కుదరదు. స్టూడియో తన మెయిల్, బ్యాంకు, ఆన్‌లైన్ నిల్వల పాస్‌వర్డ్‌లన్నీ వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి మార్చాలి. ఈ గొడవలో ఎవరూ ఆ మాట ఎత్తినట్టు లేదు.

యజమాని పక్షం వారు చట్టం మాట కూడా తెస్తున్నారు. టొరెంట్ ఎక్కించడమే నేరం అంటున్నారు. కాదు. లినక్స్ పంపిణీలు, లిబ్రే ఆఫీస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు టొరెంట్‌గా కూడా దొరుకుతాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ గ్రంథాలయం 2012 నుంచి తన నిధిని అలా కూడా ఇస్తోంది. 2012లో ‘దమ్ము’, తమిళ ‘3’ చిత్రాల విషయంలో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు కొన్ని సైట్లకు సైట్లే మూసినప్పుడు, ఆ చిత్రాలున్న ఫలానా లింకులనే ఆపాలని కోర్టే తర్వాత వివరణ ఇవ్వవలసి వచ్చింది. కనుక పద్ధతి మీద నిషేధం లేదు. ఉన్నది సరుకు మీద. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రాం వాడినవారి గురించే చెబుతుంది: 7 రోజుల నుంచి 3 సంవత్సరాల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. వ్యాపారానికి వాడకపోతే జైలు లేకుండా జరిమానాతో వదిలే వెసులుబాటు కోర్టుకు ఉంది. పెళ్లి వీడియోకు బిల్లు రాసిన స్టూడియోకు ఆ వెసులుబాటు వర్తించదు. చట్టాన్ని పంచాయతీకి పిలిచినవారు ఆ సెక్షన్ చదివారో లేదో.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. టొరెంట్‌లో దించుకుంటున్నంతసేపూ వచ్చిన ముక్కల్ని పంచుతూనే ఉంటాం. సినిమా దించుకుంటే సినిమా పంపిణీ చేసినట్టే. ఆ గుంపులో ఉన్న ప్రతివారికీ మన ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తుపట్టే సంఖ్య) కనిపిస్తుంది, హక్కుదారులు నియమించిన నిఘా కంపెనీలు కూడా ఆ గుంపులో కూర్చోవచ్చు. ఆ చిరునామాను దాచే వీపీఎన్ పెట్టుకున్నామనే ధీమా కొందరిది. వాడుకరుల వివరాలు 5 ఏళ్లు దాచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించాక పేరున్న కొన్ని వీపీఎన్ కంపెనీలు మన దేశంలో సర్వర్లు ఎత్తేశాయి. ఉచిత వీపీఎన్ మన సమాచారంతో ఏం చేస్తుందన్నది మరో కథ.

మెకానిక్‌లలో ఇప్పుడు రెండు వర్గాలు ఏర్పడ్డాయి. పెన్‌డ్రైవ్ వర్గం అలాగే ఉంది. కుర్రవాళ్లు క్యూబిట్‌టొరెంట్ అనే మరో టొరెంట్ సాఫ్ట్‌వేర్ వైపు మళ్లారు. 2006లో మొదలైన ఇది ప్రకటనలు లేనిది, మూల సంకేతం ఎవరైనా చూడగలిగేది. నేనూ దానివైపే. అయినా అదేమీ కడిగిన ముత్యం కాదు: తాను కలిసే సర్వర్ అసలుదేనని చెప్పే ధ్రువపత్రాలను సరిచూడకుండా వదిలేసే లోపం అందులో 2010 నుంచి ఉండి, 2024 అక్టోబరులో 5.0.1 కూర్పుతో గానీ పోలేదు. ట్రాన్స్‌మిషన్ అనే మరో మంచి సాఫ్ట్‌వేర్ సొంత వెబ్‌సైటులోనే 2016 మార్చిలో ఎవరో రాన్సమ్‌వేర్ కలిపిన కాపీ పెట్టారు, అది ఆపిల్ మాక్ కంప్యూటర్లకు తగిలింది. కాబట్టి అసలు సైటు నుంచే తెచ్చుకోవాలి, పేరు పోలిన సైట్ల నుంచి కాదు. తెచ్చుకున్నాక కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా మార్చాలి. విండోస్ దాచిపెట్టే ఫైలు తోకలను కనిపించేలా చేసుకోవాలి, సినిమా అనుకున్న ఫైలు చివర ‘ఈఎక్స్‌ఈ’ ఉంటే తెరవకూడదు. వీటన్నింటికీ ముందు, మిక్సింగ్ చేసే సిస్టమ్ మీద కాకుండా పక్కన మరో పాత సిస్టమ్ మీద దించుకోవాలి. ఇది మెకానిక్ తొలిరోజే చెప్పి ఉంటే ఈ రోజు ఇంత వాదన ఉండేది కాదు.

విచిత్రం ఏమిటంటే, ఈ పంపకపు పద్ధతి అవసరం నిజంగా ఉన్నది స్టూడియోలకే. మిక్సింగ్‌కు, డిజైనింగ్‌కు చెన్నైకో విజయవాడకో హార్డ్ డిస్కును బస్సు పార్సిల్‌లో పంపి, అది చేరేదాకా ఫోన్లు చేస్తూ కూర్చునేవారు ఎందరో. 2013లో మొదలైన సింక్‌థింగ్ ఉచితం. రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టి, మధ్యలో ఎవరి సర్వర్‌లోనూ దాచకుండా, ఒక ఫోల్డర్‌ను నేరుగా పంచుకుంటాయి. అదీ టొరెంట్‌లాగే పీర్ టు పీర్, అంటే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు నేరుగా పంపకమే. ఎడిటింగ్‌కు డావిన్సీ రిజాల్వ్‌కు ఉచిత కూర్పు ఉంది. క్రాక్ వెతకనవసరమే లేదు.

ఇక పోయిన మూడు పెళ్లిళ్ల సంగతి. డిస్కును ఫార్మాట్ చేయవద్దని మెకానిక్ పట్టుబట్టడం వల్ల ఒక ఆశ మిగిలింది. డీజేవీయూ తొందర మనిషి. ప్రతి ఫైలులో మొదటి 150 కిలోబైట్లకే తాళం వేసి ముందుకు పోతుంది. గిగాబైట్ల వీడియోలో అది తలుపు గడియంత. అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌లో తీసిన చెడిపోని క్లిప్ ఒకటి దొరికితే, దాని తలభాగం ఆధారంగా పోయినదాన్ని తిరిగి నడిపించే ఉచిత సాధనాలు ఉన్నాయి. ఫొటోలకు ఇది అంతగా కుదరదు. డబ్బు అడిగే చీటీ చివర ఉన్న గుర్తింపు సంఖ్య ‘టీ1’తో ముగిస్తే మాత్రం, వాటి తాళంచెవి కూడా ఎప్పటికైనా దొరికే వీలుంది. స్టూడియోవారు ఇప్పుడు కెమెరాకు చెందిన పాత మెమరీ కార్డుల కోసం డ్రాయర్లు వెతుకుతున్నారు. నష్టపరిహారం మాట తర్వాత చూద్దామని పెళ్లివారు అప్పటిదాకా గడువు ఇచ్చారు.