ఎండ ముదిరితే ఓజోన్ ఎందుకు పెరుగుతుంది?

మే నెలలో దూరపు గుట్టలు కూడా తేటగా కనిపిస్తుంటే గాలి బాగుందనుకుంటాం. ఓజోన్ విషయంలో ఆ లెక్క తప్పుతుంది. నేల దగ్గర ఊపిరితిత్తులకు హాని చేసే, కంటికి కనిపించని ఈ వాయువు ఏ పొగగొట్టం నుంచీ నేరుగా రాదు, గాలిలోనే తయారవుతుంది. వాహనాల పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఎండ చీలుస్తుంది. విడివడిన ఆక్సిజన్ పరమాణువు గాలిలోని ఆక్సిజన్ అణువుతో కలిస్తే ఓజోన్ అవుతుంది. పెట్రోలు, పెయింట్ల ఆవిర్లు తోడైతే అది పేరుకుపోతుంది.

పొగ పెరగకపోయినా వేడి పెరిగితే చాలు, ఓజోన్ పెరుగుతుంది. పాన్ అనే సమ్మేళనం నైట్రోజన్ డయాక్సైడ్‌ను తనలో పట్టి ఉంచుతుంది. సున్నా డిగ్రీల దగ్గర అది రోజుల తరబడి నిలుస్తుంది. 25 డిగ్రీల్లో గంటలోపే, 40 డిగ్రీల్లో కొద్ది నిమిషాల్లోనే విడిపోయి, పట్టి ఉంచిందంతా వదిలేస్తుంది. చెట్లదీ ఇందులో పాత్ర ఉంది. మన దగ్గర కాగితపు మిల్లుల కోసం పెంచే జామాయిల్ ఆకులు ఐసోప్రీన్ అనే ఆవిరిని వదులుతాయి. దాదాపు 40 డిగ్రీల వరకూ వేడితో పాటు అదీ వేగంగా పెరుగుతుంది. అయినా తప్పు చెట్టుది కాదు. వాహనాల పొగ చేరకపోతే ఐసోప్రీన్ ఒక్కటే ఓజోన్‌ను పెంచలేదు. వడగాడ్పుల రోజుల్లో గాలి స్తంభిస్తే తయారైనది తయారైనచోటే ఉండిపోతుంది.

పొగ తగ్గించడంలోనూ మెలిక ఉంది. ఇంజిన్ నుంచి అప్పుడే వచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ను తినేస్తుంది. అందుకే రద్దీ కూడలిలో కంటే గాలి వాలున ఉన్న శివారు ఊళ్లలో ఓజోన్ ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో వూహాన్, రోమ్ నగరాల్లో వాహనాలు ఆగినా ఓజోన్ పెరిగింది. నగరాల్లో నైట్రోజన్ ఆక్సైడ్లతో పాటు ఆవిర్లనూ తగ్గించి తీరాలి.

మన దేశంలో ఓజోన్ పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, గంటకైతే 180. ఇళ్లలో పెట్టుకునే చవక మీటర్లు చాలావరకు ధూళినే కొలుస్తాయి, వాటిని చూసి ఓజోన్ లేదనుకోవద్దు. ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుంది కానీ ఈ వాయువును ఆపదు. ఎయిర్ ప్యూరిఫయర్‌లో ధూళిని పట్టే హెపా ఫిల్టర్ ఒక్కటే ఉంటే చాలదు, యాక్టివేటెడ్ కార్బన్ పొర కూడా ఉండాలి. వేసవిలో మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా తలుపులు, కిటికీలు మూసి, పొద్దు గుంకాక తెరవండి. ఉబ్బసం ఉన్నవాళ్లు, పిల్లలు నడకైనా ఆటలైనా తెల్లవారుజామున పెట్టుకోవాలి. రాత్రంతా కొత్తగా తయారీ ఉండదు కాబట్టి ఓజోన్ అప్పటికి బాగా తగ్గి ఉంటుంది.