సరిహద్దు దాటిన ఫోన్: రోమింగ్ బిల్లు ఎక్కడ పుట్టింది?

విదేశానికి బయల్దేరే ముందు చాలామందికి ఒకటే టెన్షన్. ఉన్న సిమ్ మీదే రోమింగ్ ప్యాక్ వేసుకోవాలా, అక్కడ దిగాక కొత్త సిమ్ కొనాలా, ఈసిమ్ (ప్లాస్టిక్ కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే డిజిటల్ సిమ్) తీసుకోవాలా? ఈ తర్జనభర్జనకు మూలం సాంకేతిక లోపం అనుకుంటే పొరపాటే. దేశం మారినా ఫోన్ పలికేలా చేయడం ఇంజనీర్లు ఎప్పుడో సాధించారు. తేలనిదల్లా డబ్బు లెక్క.

1981లో నార్డిక్ దేశాలు (స్వీడన్, నార్వే లాంటి ఉత్తర యూరప్ దేశాలు) మొదలుపెట్టిన ఎన్‌ఎంటీ అనే తొలితరం మొబైల్ నెట్‌వర్క్‌లోనే ఒక దేశం ఫోన్ పక్క దేశంలో పనిచేసే ఏర్పాటు ఉంది. మిగతా యూరప్‌లో మాత్రం ఎవరి పద్ధతి వారిదే. అందుకే అందరికీ ఒకే ప్రమాణం తయారుచేయడానికి 1982లో ఒక బృందం ఏర్పడింది. 1987లో 13 దేశాల సంస్థలు కోపెన్‌హాగెన్‌లో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ ఉమ్మడి మొబైల్ ప్రమాణమే జీఎస్ఎం. 1991 జులై 1న ఫిన్లాండ్‌లో దాని మీద తొలి వాణిజ్య కాల్ వెళ్లింది. ఆ మరుసటి ఏడే టెలికాం ఫిన్లాండ్, బ్రిటన్‌లోని వోడాఫోన్ తొలి అంతర్జాతీయ రోమింగ్ ఒప్పందం చేసుకున్నాయి. అయితే జపాన్, కొరియా వేరే దారి పట్టాయి, అమెరికాలో ఫ్రీక్వెన్సీలే వేరు. కాబట్టి చాలాకాలం అక్కడికి వెళ్లేవాళ్లు ఫోనే మార్చుకోవాల్సి వచ్చేది.

రోమింగ్ ఎలా నడుస్తుందో తెలిస్తే బిల్లు సంగతి దానంతటదే తెలిసిపోతుంది. కొత్త దేశంలో ఫోన్ ఆన్ చేయగానే అక్కడి నెట్‌వర్క్ మన సిమ్‌లోని గుర్తింపు నంబరు (ఫోన్ నంబరు కాదు) చదువుతుంది. ఆ సిమ్ ఏ దేశానిది, ఏ కంపెనీది అన్నది ఆ నంబరు మొదటి అంకెల్లోనే ఉంటుంది. ఆ నెట్‌వర్క్ మన కంపెనీని అడుగుతుంది, మన కంపెనీ సరేనంటుంది, మనం ఎక్కడున్నామో రాసిపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవరైనా మనకు ఫోన్ చేస్తే, ఆ కాల్ ముందు మన దేశానికి వెళ్లి, అక్కడి నుంచి మనమున్న చోటికి వస్తుంది. చేసినవాళ్లకు మనం ఎక్కడున్నామో తెలియదు కాబట్టి వాళ్లు మామూలు ధరే చెల్లిస్తారు. సరిహద్దు దాటిన ఆ రెండో భాగం ఖర్చు మన మీద పడుతుంది. వచ్చిన కాల్ ఎత్తినా డబ్బులు పోవడం వెనక ఉన్న కథ ఇదే.

ఇక ధర ఎవరు పెడతారు? ఆతిథ్య దేశపు కంపెనీ మన కంపెనీకి టోకు రేటు వేస్తుంది, మన కంపెనీ దాని మీద తన వాటా కలుపుకుంటుంది. మనం ఆ విదేశీ కంపెనీ ఖాతాదారులం కాము, మనల్ని మెప్పించాల్సిన అవసరం దానికి లేదు. మన కంపెనీని మనం ఎంచుకునేది ఇంట్లో వాడే ప్లాన్ చూసి, రోమింగ్ రేటు చూసి కాదు. టెలికాం కంపెనీలను అదుపుచేసే ప్రభుత్వ నియంత్రణ సంస్థ అధికారమేమో సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. విదేశీయుల కోసం తన దేశపు టోకు రేటు తగ్గిస్తే లాభం పక్క దేశం వాళ్లకు పోతుంది, మరి ఏ నియంత్రణ సంస్థ పూనుకుంటుంది? రేట్లు ఏళ్ల తరబడి దిగకపోవడానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం.

ఈ ముడి విప్పగలిగింది యూరోపియన్ యూనియన్, ఎందుకంటే అన్ని సభ్యదేశాల మీదా చెల్లే చట్టం చేసే అధికారం దానికి ఉంది. 2007లో రోమింగ్ కాల్ ధరకు గరిష్ఠ పరిమితి పెట్టింది: పన్నులు కాకుండా నిమిషానికి చేసే కాల్‌కు 49 యూరో సెంట్లు, వచ్చే కాల్‌కు 24 సెంట్లు. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు దిగుతున్నాయి. మనం తాకకపోయినా వెనకాల మెయిల్, మ్యాప్‌లు డేటా లాగుతూనే ఉంటాయి, బిల్లు చూసేదాకా ఆ సంగతే తెలియదు. అందుకని 2010 నుంచి, వాడేవాళ్లు వేరే పరిమితి కోరుకోకపోతే, పన్నులు కాకుండా 50 యూరోల దగ్గర డేటా ఆపేయాలన్న నియమం వచ్చింది. 2017 జూన్ 15 నుంచి యూనియన్‌లో ఎక్కడికి వెళ్లినా ఇంటి రేటే. 2022లో దీన్ని 2032 దాకా పొడిగించారు. యూనియన్ నుంచి బయటికొచ్చిన బ్రిటన్‌లో మాత్రం కొన్ని కంపెనీలు మళ్లీ రోమింగ్ చార్జీలు మొదలుపెట్టాయి. చట్టం పట్టు వదిలితే ధర ఎటు వెళ్తుందో చూడటానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మిగతా ప్రపంచంలో ప్రయాణికులు పక్కదారి వెతుక్కున్నారు. ముందు వైఫై, వాట్సాప్ కాల్స్. ఆ తర్వాత ఈసిమ్. 2018 నుంచి ఐఫోన్‌లలో ఈసిమ్ వచ్చింది, 2022లో అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కు సిమ్ పెట్టే చోటే లేదు. ఇప్పుడు బయల్దేరకముందే వెళ్లే దేశపు డేటా కొనుక్కోవచ్చు. ధర పోల్చి ఎంచుకునే అవకాశం ఎట్టకేలకు ప్రయాణికుడి చేతికొచ్చింది. కానీ బ్యాంకు ఓటీపీ వచ్చేది పాత నంబరుకే కాబట్టి పాత సిమ్‌నూ బతికించుకోవాలి. దాన్లో డేటా రోమింగ్ ఆపేసి, ఎస్ఎంఎస్‌లు మాత్రం వచ్చేలా ఉంచుకోవడం ఇవాళ చాలామంది చేస్తున్న పని.

ఈమధ్య ఇంకో చిక్కు తోడైంది. చాలా దేశాలు 2జీ, 3జీలను మూసేస్తున్నాయి. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022 చివరికల్లా 3జీ ఆపేశాయి. అలాంటిచోట మామూలు కాల్ వెళ్లాలంటే వోల్టీఈ (4జీ నెట్‌వర్క్ మీదే కాల్ నడిపే పద్ధతి) కావాలి, రోమింగ్‌లో అది పనిచేయాలంటే రెండు కంపెనీల మధ్య విడిగా ఏర్పాటు ఉండాలి. అది లేకపోతే ఇంటర్నెట్ చక్కగా వస్తుంది, మామూలు కాల్ మాత్రం కలవదు. అత్యవసర కాల్ కూడా కలవని పరిస్థితి రావచ్చు. బయల్దేరేముందు కంపెనీని ప్యాక్ ధరతో పాటు, ఆ దేశంలో తమ వోల్టీఈ రోమింగ్ ఉందో లేదో, అది మన ఫోన్ మోడల్‌లో పనిచేస్తుందో లేదో కూడా అడగాలి.