ఉప్పు ఎడ్లు నడిచిన దారిలో ఆరు వరుసల రోడ్డు: రాయ్‌పూర్-విశాఖ కారిడార్ వెనక కథ

సాలూరు దాటి ఒడిశా వైపు కొంత దూరం పోగానే రోడ్డు కొండెక్కుతుంది. అదే సుంకి ఘాట్. నిండు లోడు లారీ అక్కడ కింది గేరులోకి దిగిపోతుంది. వెనకున్న కారువాడు ఎంత హారన్ కొట్టినా లాభం లేదు, మలుపు తిరిగేదాకా ఆగాల్సిందే. ఎదురుగా ఇంకో లారీ దిగుతుంటే క్లీనరు తల బయటపెట్టి "రానీ, రానీ" అని అరుస్తుంటాడు. ఏ బండికైనా యాక్సిల్ విరిగి అడ్డంగా నిలబడిపోయిందంటే ఆ పూటకి రెండు రాష్ట్రాల మధ్య రవాణా అంతే సంగతులు. లారీల ఊరని పేరుపడ్డ సాలూరు బతుకంతా ఈ దారి మీదే.

ఈ ఘాట్‌తో పని లేకుండా రాయ్‌పూర్ నుంచి విశాఖ దగ్గరి సబ్బవరం దాకా కొత్తగా ఆరు వరుసల రోడ్డు వేయాలన్నది ఇప్పటి ప్రాజెక్టు. పొడవు దాదాపు 465 కిలోమీటర్లు. ఛత్తీస్‌గఢ్‌లో 125, ఒడిశాలో 240, ఆంధ్రప్రదేశ్‌లో 100. పాత దారిలో అయితే 600 కిలోమీటర్ల దాకా పడుతుంది. ఖర్చు అంచనా రూ.16 వేల కోట్లకు పైమాటే. కాగితాల మీద దీని పేరు జాతీయ రహదారి 130సీడీ. మ్యాపు మీద గీత గీయడం ఒక్క రోజు పని. ఆ గీత రోడ్డుగా మారడానికి డబ్బు ఎవరు పెడతారు, భూమి ఎవరిస్తారు అన్న రెండు ప్రశ్నలకు మన దేశం వందేళ్లుగా జవాబులు మారుస్తూనే వస్తోంది. ఈ కారిడార్ ఇప్పుడున్న రూపంలో ఎందుకుందో తెలియాలంటే అక్కడికే పోవాలి.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. రైలు రాకముందు బంజారాలు ఎడ్ల మందల మీద కోస్తా ఉప్పును ఒడిశాలోని జయపురం కొండల మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు మోసేవాళ్లు, తిరుగు ప్రయాణంలో ధాన్యం దించేవాళ్లు. ఆ సరుకు కోసమే బ్రిటిష్ వాళ్లు విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గాన్ని 1931లో పూర్తి చేశారు. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. రేవుకు వెనక ఊళ్లు, పొలాలు, గనులు లేకపోతే అది ఉత్త నీటి గుంట అని వాళ్లకు బాగా తెలుసు. 1960లలో ఛత్తీస్‌గఢ్ వైపు బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. అంటే ఈ కొండల్లోకి పెట్టుబడి వచ్చినప్పుడల్లా పట్టాలకే పోయింది. రోడ్డు వంతు చివర్లో వచ్చింది.

రెండణాలతో మొదలైన లెక్క

దేశంలో రోడ్ల కోసం విడిగా డబ్బు తీసిపెట్టాలన్న మాట జయకర్ కమిటీ నుంచి వచ్చింది. 1927లో వేసిన ఆ కమిటీ సూచన మేరకు 1929లో పెట్రోలు మీద గ్యాలనుకు రెండణాలు అదనపు సుంకం వేసి కేంద్ర రోడ్డు నిధి పెట్టారు. రోడ్డును ఎవరు అరగదీస్తారో వాళ్లే కట్టాలన్నది అందులోని తర్కం. చూడ్డానికి చిన్న ఏర్పాటే గానీ, ఇప్పటి సెస్సు, టోలు అన్నీ ఆ తర్కానికి పుట్టిన పిల్లలే.

1943 డిసెంబరులో చీఫ్ ఇంజనీర్లంతా నాగపూర్‌లో కూర్చుని రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లుగా విడగొట్టారు. రాజ్యాంగం వచ్చాక జాతీయ రహదారులు కేంద్రం జాబితాలోకి, మిగతావి రాష్ట్రాల జాబితాలోకి వెళ్లాయి. 1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. తర్వాత నలభై ఏళ్లూ రోడ్డు కేంద్రానిది, పని చేయించేది రాష్ట్ర ప్రజాపనుల శాఖ, డబ్బు బడ్జెట్‌లో మిగిలినంత. దేశంలోని రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతమే, మోసేది మాత్రం నలభై శాతం ట్రాఫిక్. ఆ రెండు శాతానికి కూడా డబ్బు చాలేది కాదు.

కథ మలుపు తిరిగింది 1990లలో. 1988లో చట్టం చేసి పెట్టుకున్న జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్ఏఐ) 1995లో పని మొదలుపెట్టింది. అదే ఏడాది చట్టం సవరించి ప్రైవేటు వాళ్లకు తలుపు తెరిచారు. 1998లో పెట్రోలు మీద, మరుసటి ఏడాది డీజిలు మీద లీటరుకు రూపాయి సెస్సు పడింది. ఆ రూపాయిని చూపించే వాజ్‌పేయి ప్రభుత్వం ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజికి దిగింది. ఏటేటా ఇంత వస్తుందని ఖాయంగా తెలిస్తే బాండ్లు అమ్మవచ్చు, ప్రపంచ బ్యాంకు దగ్గరా ఆసియా అభివృద్ధి బ్యాంకు దగ్గరా అప్పు తేవచ్చు. రూపాయి చిన్నదే, దాని పరపతి పెద్దది.

చతుర్భుజిలో చెన్నై-కోల్‌కతా చేయి మన కోస్తా మీదుగానే పోయింది. అప్పటి ఐదో నంబరు, ఇప్పటి పదహారో నంబరు రోడ్డు. మన వాళ్లు పెద్దగా గుర్తుపెట్టుకోని సంగతి ఒకటుంది. యాన్యుటీ అనే పద్ధతిని దేశంలో తొలిసారి పరీక్షించిన ముక్కల్లో తుని-అనకాపల్లి, రాజమండ్రి-ధర్మవరం ఉన్నాయి. కంపెనీ తన డబ్బుతో రోడ్డు వేస్తుంది, ప్రభుత్వం ఏడాదికి రెండుసార్లు ఖాయమైన కిస్తీ కడుతుంది. రోడ్డు మీద బండ్లు వచ్చినా రాకపోయినా కిస్తీ ఆగదు.

ఆశ బిడ్ వేసిన రోజులు

ఆ తర్వాత దశలో ఆలోచన తిరగబడింది. కిస్తీ మనమెందుకు కట్టాలి, టోలు వసూలు చేసుకుని కంపెనీలే మనకు కట్టాలి కదా అన్నారు. బ్యాంకులు ధారాళంగా అప్పులిచ్చాయి. కంపెనీలు ట్రాఫిక్ అంచనాలను ఇష్టమొచ్చినట్టు పెంచుకుని పోటీపడి బిడ్లు వేశాయి. కిషన్‌గఢ్-ఉదయ్‌పూర్-అహ్మదాబాద్ 555 కిలోమీటర్ల ప్రాజెక్టు దీనికి పరాకాష్ఠ. రాజస్థాన్, గుజరాత్‌ల మీదుగా పోయే ఆ రోడ్డుకు 2011లో గెలిచిన సంస్థ ఏడాదికి రూ.636 కోట్లు ప్రభుత్వానికే ఎదురు కడతానంది. 2013 మొదట్లోనే తప్పుకుంది. అనుమతులు ఆలస్యమయ్యాయన్నది ఆ సంస్థ వాదన. అలా నిలిచిన ప్రాజెక్టులు ఒకటా రెండా! అప్పులు మొండి బకాయిలయ్యాయి. కొత్త టెండర్లు పిలిస్తే వచ్చే దిక్కు లేదు.

ఆ దెబ్బకు పుట్టినదే 2016 జనవరిలో ఆమోదించిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి, అందరూ హ్యామ్ అంటారు. నూరు రూపాయల పని అయితే నలభై రూపాయలు పని జరుగుతుండగానే ప్రభుత్వం ఇస్తుంది. అరవై కంపెనీ తెచ్చుకుంటుంది, పదిహేనేళ్లలో వడ్డీతో సహా కిస్తీలుగా తిరిగి తీసుకుంటుంది. టోలు వసూలు, బండ్లు తక్కువొస్తే నష్టం, రెండూ ప్రభుత్వానివే. భూమి ఖర్చు వేరే, అదీ ప్రభుత్వానిదే. రాయ్‌పూర్-విశాఖ ముక్కలను ఈ పద్ధతిలోనే ఇచ్చారు. అంటే తుని-అనకాపల్లి ఆలోచనే, తిరిగి తిరిగి, కొంత మార్పుతో అదే విశాఖ ఇలాకాకు వచ్చింది.

వేసిన రోడ్ల మీద టోలు హక్కును కొన్నేళ్లకు అప్పగించి కొత్త రోడ్లకు డబ్బు తెచ్చే దారి ఇంకొకటి. 2018లో ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది ముక్కల మీద ముప్పై ఏళ్ల టోలు హక్కును ఒక ఆస్ట్రేలియా సంస్థ రూ.9,681 కోట్లకు తీసుకుంది. ఇన్ని చేసినా 2022 నాటికి ఎన్‌హెచ్ఏఐ అప్పు రూ.3.5 లక్షల కోట్ల దగ్గరికి చేరింది. దాంతో కొత్త అప్పులకు కేంద్రం దాదాపు కళ్లెం వేసి, డబ్బును నేరుగా బడ్జెట్ నుంచి ఇవ్వడం మొదలుపెట్టింది. పెట్రోలు సుంకంతో మొదలై బండి మళ్లీ ఖజానా దగ్గరికే వచ్చి ఆగింది.

రాయ్‌పూర్-విశాఖ కారిడార్ 2017 అక్టోబరులో ఆమోదించిన భారతమాల అనే కేంద్ర రహదారుల పథకం కింద వచ్చింది. మొదటి దశ 34,800 కిలోమీటర్లు, రూ.5.35 లక్షల కోట్లు. అందులో 9,000 కిలోమీటర్లు సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో సర్వే చేసి గీసిన ఆర్థిక కారిడార్లు. ముందు రోడ్డుండి దాన్ని వెడల్పు చేయడం కాకుండా సరుకు దారిని బట్టి రోడ్డు గీయడం నిజంగానే మంచి మార్పు. కానీ కిలోమీటరుకు రూ.15.37 కోట్లని ఆమోదం పొంది, మంజూరులు రూ.32.17 కోట్ల లెక్కన ఇచ్చారని కాగ్ 2023లో తేల్చింది. ఆ పోలికే సరికాదని మంత్రిత్వ శాఖ అంది. ప్రమాణాలు మారాయన్నది కొంత నిజమే కావచ్చు, అయినా రెట్టింపు అంటే చిన్న తేడా కాదు.

కొలత రాయి పడ్డ చోట

ఖర్చు పెరగడానికి పెద్ద కారణం భూమి. జాతీయ రహదారుల చట్టానికి 1997లో చేసిన సవరణతో భూసేకరణ వేగం పెరిగింది. గెజిట్‌లో ప్రకటన, 21 రోజుల్లో అభ్యంతరాలు, ఆ తర్వాత ఇంకో ప్రకటనతో భూమి కేంద్రం పేరు మీదికి. 2013 భూసేకరణ చట్టం పరిహారపు లెక్క 2015 నుంచి వీటికీ వర్తించింది. పల్లెల్లో మార్కెట్ ధరకు నాలుగు రెట్ల దాకా పోతుంది. రైతుకు ఇది న్యాయమే, ఇంకా ముందే రావాల్సింది.

క్షేత్రంలో మాత్రం రాయి పాతిన రోజు నుంచీ వేరే కథ. తోటలో సర్వేయరు ఒక్కో చెట్టునూ లెక్కపెడతాడు. మామిడి ఒక రేటు, జీడి ఒక రేటు, కాపుకు రానిది ఇంకో రేటు. పొలం రికార్డు అడంగల్‌లో తాత పేరే ఉంటుంది, పొలం నలుగురు మనవళ్లు పంచుకుని దున్నుకుంటుంటారు. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూమైతే అసలు హక్కే ప్రశ్న. ఎనభై శాతం భూమి చేతికొస్తే తప్ప హ్యామ్‌లో పని మొదలుపెట్టే తేదీ ఇవ్వరు. కాబట్టి కారిడార్ వేగం ఇంజనీరు చేతిలో ఉండదు, తహసీల్దారు కార్యాలయంలో ఉంటుంది.

అదే కార్యాలయంలో దొంగ లెక్కలూ పుట్టవచ్చు. రాయ్‌పూర్ చివర అభన్‌పూర్ ప్రాంతంలో, పెద్ద కమతం కన్నా చిన్న ముక్కకు చదరపు మీటరు లెక్కన ఎక్కువ పరిహారం వస్తుందని పొలాలను కాగితాల మీదే ముక్కలు చేశారన్న ఆరోపణలొచ్చాయి. 2025లో ఛత్తీస్‌గఢ్ ఆర్థిక నేరాల విభాగం దర్యాప్తుకు దిగింది, అధికారులు సస్పెండయ్యారు. పొలంలో గట్టు కూడా వేయకుండా ఒక ఎకరం పది మందిదైపోవడానికి పెన్ను ఒక్కటి చాలు.

అడవి సంగతి క్లుప్తంగా చెప్పాలి. కేష్‌కాల్ కొండల దగ్గర 2.79 కిలోమీటర్ల జంట సొరంగం, ఉదంతి అభయారణ్యం ప్రాంతంలో జంతువులు దాటడానికి 27 దారులు, కోతులు రోడ్డు పైనుంచి దాటడానికి 17 చోట్ల వంతెనలు ప్రణాళికలో పెట్టారు. ఒడిశాలో నబరంగ్‌పూర్, కోరాపుట్‌లవైతే ఆదివాసీ జిల్లాలు. అక్కడ భూమి, అడవి విడివిడి విషయాలు కావు.

సరిహద్దుల్లో మాత్రం ఒక మేలు రోడ్డు కన్నా ముందే జరిగింది. 2017 జులై 1న జీఎస్టీతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. అంతకుముందు ఎంత మంచి రోడ్డయినా గేటు దగ్గర లారీల క్యూలోనే ముగిసేది. 2021 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ గేటు దగ్గర ఆగడమూ తగ్గింది. రేట్లు మాత్రం టోకు ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్‌లో మారుతుంటాయి, అంటే పెరుగుతుంటాయి.

2022 నవంబరు 12న విశాఖలో ప్రధాని మోదీ ఆంధ్రా వంద కిలోమీటర్లకు శంకుస్థాపన చేశారు. ఒడిశా సరిహద్దు దగ్గరి ఆలూరు నుంచి జక్కువ, కొర్లాం, కంటకాపల్లి మీదుగా సబ్బవరం దాకా నాలుగు ప్యాకేజీలు, రూ.3,750 కోట్లకు పైగా. అదే సభలో కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్ దాకా పోర్టు రోడ్డుకూ రాయి వేశారు. షీలానగర్‌కూ సబ్బవరానికీ మధ్య పన్నెండు, పదమూడు కిలోమీటర్లుంటుంది. రాయ్‌పూర్ నుంచి ఒక్క ఎర్ర లైటు లేకుండా వచ్చిన లారీ రేవు చేరాలంటే దాటాల్సింది ఆ ముక్కే. దానికి వేరే నంబరు, వేరే అంచనా, వేరే ఫైలు.