ముక్కు ముందు ముక్క పెట్టినా తినలేదంటే

ఇంట్లో "సిట్" అనగానే ఠక్కున కూర్చునే కుక్క, గేటు దాటాక వీధికుక్క ఎదురైతే చాలు, యజమాని గొంతే ఎరగనట్టు లాగేస్తుంది. అప్పుడు దాని ముక్కు ముందు ఉడికించిన చికెన్ ముక్క పెట్టి చూడండి. చాలాసార్లు వాసన కూడా చూడదు. ఫ్రిజ్ తలుపు చప్పుడుకే పరిగెత్తుకొచ్చే కుక్క చికెన్‌నే పట్టించుకోవడం లేదంటే, ఆ క్షణంలో అది మీ మాట వినే స్థితిలో లేదన్నమాట. దాన్ని మొండితనం అనుకుని కోప్పడితే ఇద్దరికీ నష్టమే.

ఈ ఇబ్బంది, కుక్కలపై ప్రయోగాలు చేసిన రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్‌కీ తప్పలేదు. తిండి వస్తుందని తెలిపే శబ్దం వినగానే చొంగ కార్చడం బాగా అలవాటైన కుక్కలు కూడా, గదిలోకి కొత్త మనిషి వచ్చినా బయట ఏదైనా చప్పుడైనా నేర్చుకున్నది మరిచిపోయినట్టే ఉండేవి. తల, చెవులు అటు తిరిగిపోయేవి. దీన్ని ఆయన "అదేమిటి?" అనే ప్రతిచర్య అన్నారు. కొత్తదాన్ని ముందు గమనించిన జంతువే అడవిలో బతుకుతుంది కాబట్టి, అది పుట్టుకతో వచ్చిన గుణం. చివరికి ఆయన కుక్కల కోసం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో శబ్దం చొరబడని ప్రయోగశాలే కట్టాల్సి వచ్చింది. దానికి "నిశ్శబ్ద గోపురం" అని పేరు.

హారన్లు, పాలబండ్లు, చికెన్ షాపులు, గుంపులుగా వీధికుక్కలు ఉన్న మన కాలనీల్లో అలాంటి గోపురం దొరకదు. మన చేతిలో ఉన్నది దూరం ఒక్కటే. శిక్షణలో సగానికి సగం దూరాన్ని సరిగ్గా వాడుకోవడమే అని నా అభిప్రాయం.

ముందు ఇంట్లో పునాది వేయాలి. 50 గ్రాముల బోన్‌లెస్ చికెన్‌ను ఉప్పు, నూనె, మసాలా లేకుండా ఉడికించి శనగగింజంత ముక్కలు చేయండి. ఉల్లిపాయ మాత్రం అస్సలు తగలకూడదు, అది కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తుంది. కుక్కను పేరు పెట్టి ఒక్కసారే పిలవండి. మీ ముఖం వైపు చూసిన వెంటనే "యస్" అని, ముక్క ఇవ్వండి. "యస్"కీ ఆ చూపుకీ మధ్య ఒక సెకను దాటకూడదు. ఆలస్యమైతే అది ఆ తర్వాత చేసిన పనికి బహుమతి అవుతుంది. చెయ్యి జేబులోకి వెళ్ళేది "యస్" తర్వాతే. ముందే ముక్క చూపిస్తే కుక్క ముక్కనే చూడటం నేర్చుకుంటుంది, మిమ్మల్ని కాదు. మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు చాలు. ఈ ముక్కలు రోజు తిండిలో పదో వంతు మించకూడదు. చిన్న జాతి కుక్కలకు ఇందులో సగం ముక్కలైనా ఎక్కువే.

హాల్లో వచ్చింది వీధిలోనూ వస్తుందనుకోవద్దు. కుక్క దృష్టిలో "సిట్" అంటే మీ మాట ఒక్కటే కాదు, సోఫా పక్కన చాప, మీరు నిలబడే తీరు కూడా అందులో భాగమే. అందుకే హాలు, వరండా, లిఫ్టు ముందు, పార్కింగ్, గేటు లోపల, గేటు బయట, ఇలా ఒక్కో చోటా మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. పదిసార్లలో ఎనిమిదిసార్లు వింటే తర్వాతి చోటుకు వెళ్ళండి, ఐదుకు పడితే ఒక మెట్టు వెనక్కి రండి. ఒకసారికి ఒకటే కష్టం పెంచాలి. హాల్లో అర నిమిషం "స్టే" చేసే కుక్కకు, తలుపు తెరిచి ఉంచిన రోజున మూడు సెకన్లతో మొదలుపెట్టండి.

ఇక వీధికుక్కల సంగతి. ముప్పై మీటర్ల దూరంలో ఒక కుక్క పడుకుని ఉందనుకోండి. మీ కుక్క దాన్ని చూసి చెవులు నిక్కిస్తే, పేరు పిలవండి. రెండు సెకన్లలో తిరిగి చూసి ముక్క తింటే ఆ దూరం సరైనదే. దగ్గరవుతున్న కొద్దీ శరీరాన్ని గమనించండి. తెరిచి ఉన్న నోరు మూసుకుంటుంది. బరువు ముందుకాళ్ళ మీదకు వస్తుంది, తోక బిగుసుకుంటుంది. ముక్కను మెల్లగా తీసుకునే కుక్క వేళ్ళు కొరికేంత ఆత్రంగా లాక్కుంటుంది. ఆ లాక్కోవడమే అది మాట వినే స్థితి దాటిపోబోతున్న గుర్తు, వెంటనే ఐదారు మీటర్లు వెనక్కి రండి. సందులో అంత చోటు లేకపోతే ఆగి ఉన్న కారు చాటుకు తప్పుకోండి, లేదా వెనుతిరిగి వచ్చేయండి. తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్తే రద్దీ తక్కువ.

"సిట్, సిట్, సిట్" అని పదే పదే అనడం చాలామంది చేసే పొరపాటు. మొదటి రెండూ లెక్కలోకి రావని కుక్కకు మనమే నేర్పుతున్నాం. ఇంకోటి, ఆట ముగించడానికో స్నానానికో మాత్రమే పిలవడం. పది పిలుపుల్లో తొమ్మిదింటికి ముక్క ఇచ్చి మళ్ళీ ఆటకు వదిలేయండి. అన్నిటికంటే హాని చేసేది, వేరే కుక్క కనిపించగానే లీష్‌ను గట్టిగా గుంజడం. మెడ నొప్పికీ ఎదుటి కుక్కకీ ముడిపడిపోయి, నెలల్లోనే కుక్కను చూస్తే చాలు మొరిగే స్థితికి వస్తుంది. ఆరడుగుల లీష్ వదులుగా వేలాడుతుండాలి. గొలుసు వద్దు, ఛాతీ మీదుగా వేసే హార్నెస్ మేలు. దీపావళి టపాసులకు వణకడం పరధ్యానం కాదు, భయం. దానికి పశువైద్యుల సలహా కావాలి.

బహుమతి ఎప్పుడూ తిండే కానక్కర్లేదు. ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా వాడవచ్చని అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ ప్రీమాక్ 1959లో చూపారు. కుక్క కరెంటు స్తంభం వైపు లాగుతోందా? ఆగండి, లీష్ వదులై మీ వైపు చూశాక "వెళ్ళు" అని స్తంభం దగ్గరకు మీరే తీసుకెళ్ళండి. మనం అడ్డం అనుకున్న వాసనే జీతం అవుతుంది.

ఎనిమిది నెలల వయసులో అంతా మరిచిపోయినట్టు అనిపిస్తే కంగారుపడకండి. ఆ వయసులో కుక్కలు తమ యజమాని మాటను వినడం తగ్గుతుందనీ, కొత్తవారి మాటను మాత్రం బాగానే వింటాయనీ బ్రిటన్ పరిశోధకులు 2020లో ప్రచురించారు. అది తాత్కాలికం. దూరం పెంచి, పాత మెట్టు నుంచి కొనసాగించండి.

ఏదో ఒక ఉదయం మీ కుక్క ఎదురుగా వస్తున్న కుక్కను చూసి, మీరు పిలవకుండానే మీ వైపు తల తిప్పుతుంది. ఒక్క క్షణమే ఉంటుంది ఆ చూపు, ఫోన్ చూస్తూ నడిస్తే దాటిపోతుంది. "యస్" అని, ఒక్కటి కాదు, ఐదు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి.