మీ క్లాసు కిందికి ఎందుకు దిగిందంటే

చిరంజీవులిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో పెద్దాడు చిన్నబుచ్చుకుని ఒక మాట చెప్పాడు. చక్రాల కుర్చీ అబ్బాయి ఒకడు కొత్తగా చేరాడనీ, వాడి కోసం మీ క్లాసును మేడ మీంచి కిందికి మార్చేశారనీ, ఇప్పుడు కిటికీలోంచి గ్రౌండు కనపడటం లేదనీ. అప్పటికప్పుడు ఏదో సర్దిచెప్పాను గానీ, రాత్రంతా అదే మనసులో మెదిలింది. ఇది ఫోనులో తేలే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను. చెల్లికి నువ్వే చదివి వినిపించు నాన్నా.

ముందు ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు జుడిత్ హ్యూమన్, అందరూ జూడీ అనేవారు. 1947లో అమెరికాలో పుట్టింది, న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పెరిగింది. ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. ఐదేళ్లు నిండగానే అందరు పిల్లల్లాగే ఆ పిల్లనీ వాళ్లమ్మ బడిలో చేర్చబోయింది. చేర్చుకోం పొమ్మన్నారు. ఎందుకో తెలుసా? బడిలో నిప్పంటుకుంటే ఈ చక్రాల కుర్చీ దారికడ్డమై ప్రమాదమట! తర్వాత ఒక టీచరును ఇంటికి పంపారు. వారం మొత్తానికీ కలిపి రెండున్నర గంటల చదువు. మీరు ఒక్క పూటలో అంతకన్నా ఎక్కువ చదువుకుంటారు. తొమ్మిదేళ్లు వచ్చాక గానీ జూడీ బడి గడప తొక్కలేదు. అదీ మిగతా పిల్లలతో కాదు, వైకల్యం ఉన్నవాళ్లను విడిగా కూర్చోబెట్టిన క్లాసులో.

ఆ పిల్ల పెద్దదై టీచరు కావాలనుకుంది. రాత పరీక్షా, మౌఖిక పరీక్షా పాసయింది. వైద్య పరీక్షలో మాత్రం నడవలేదని తప్పించారు. అదే దేశానికి రూజ్వెల్ట్ పోలియోతోనే నాలుగుసార్లు అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు మరి! 1970లో జూడీ కోర్టుకు వెళ్లింది. ఆ కేసు చూసిన జడ్జి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ అనే నల్లజాతి మహిళ. తెల్లపిల్లలకొక బడి, నల్లపిల్లలకొక బడి ఉండటం తప్పని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిందని పెద్దాడు చదివే ఉంటాడు. ఆ కేసులో పిల్లల తరఫున పనిచేసిన లాయర్లలో ఈవిడ ఒకరు. పిల్లల్ని గడప బయట నిలబెట్టడమంటే ఏమిటో ఆవిడకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. చివరికి స్కూలు బోర్డే దిగివచ్చి జూడీకి టీచరు లైసెన్సు ఇచ్చింది.

జూడీ ఒక్కతే కాదు. ఆ రోజుల్లో అమెరికాలో వైకల్యం ఉన్న పిల్లలు 80 లక్షలకు పైనే ఉంటే, సగానికి పైగా పిల్లలకు తగిన చదువు అందడం లేదనీ, 10 లక్షల మందికి బడే లేదనీ వాళ్ల పార్లమెంటే లెక్క తేల్చింది. అమ్మానాన్నలు కోర్టుల చుట్టూ తిరిగారు. 1972లో వాషింగ్టన్‌లో ఒక కేసు నడిచింది. మా దగ్గర డబ్బుల్లేవు, ఈ పిల్లలకు చదువెలా చెప్పమంటారని బడులవాళ్లు అన్నారు. జడ్జి ఒప్పుకోలేదు. ఇంట్లో బియ్యం తక్కువైతే ఏం చేస్తాం? అందరి కంచాల్లో తలా కాస్త తగ్గిస్తాం. అంతేగానీ ఒక్క పిల్లాణ్ణి పస్తుంచి మిగతావాళ్లకు నిండుగా వడ్డించం కదా. తీర్పు సారం అదే. 1975లో చట్టం వచ్చింది. వైకల్యం ఉన్న ప్రతి పిల్లకూ ప్రభుత్వమే ఉచితంగా చదువు చెప్పాలి, ఆ పిల్లకు ఏం కావాలో అమ్మానాన్నలతో కూర్చుని కాగితం మీద రాసుకోవాలి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1973లోనే ఇంకో చట్టం చేశారు. కేంద్ర ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ బడీ, ఏ ఆసుపత్రీ వైకల్యం కారణంగా ఎవరినీ కాదనకూడదని. కానీ దాన్ని అమలుచేసే నిబంధనల మీద మూడున్నరేళ్లు దాటినా సంతకం పడలేదు. 1977 ఏప్రిల్ 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రభుత్వ కార్యాలయంలోకి జూడీ, ఆమె స్నేహితులు వెళ్లి అక్కడే బైఠాయించారు. దాదాపు 150 మంది. రాత్రిపూట ఒకరు పక్కకు తిప్పితే గానీ తిరగలేనివాళ్లు, వేళకు మందులు పడాల్సినవాళ్లు నేల మీద పడుకున్నారు. ఫోన్లు కట్ చేస్తే, చెవిటివాళ్లు కిటికీల దగ్గర నిలబడి చేతుల భాషలో బయటివాళ్లకు కబుర్లు అందించారు. నల్లజాతివాళ్ల సంఘం ఒకటి, బ్లాక్ పాంథర్లు, రోజూ వేడివేడి అన్నం మోసుకొచ్చి పెట్టింది. మూడు వారాలు దాటాక, ఏప్రిల్ 28న సంతకం పడింది. ఆ చేతుల భాష తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మన దేశంలో ఇలాంటి చట్టం 1995లో వచ్చింది. 18 ఏళ్ల దాకా ఉచిత చదువన్నారు. 2016లో దాన్ని ఇంకా బలంగా మార్చి, అంతకుముందున్న 7 రకాల వైకల్యాలను 21కి పెంచారు. అయినా చట్టం దానంతటది నడవదు. మన బందరు దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదు. పదో తరగతి మంచి మార్కులతో పాసైతే, సైన్సు తీసుకోవడానికి వీల్లేదన్నారు. కోర్టుకెళ్లి సాధించుకుని, ఆ తర్వాత అమెరికాలో ఎంఐటీ అనే పేరున్న విశ్వవిద్యాలయం దాకా వెళ్లి చదువుకున్నాడు. సైన్సు క్లాసులో కూర్చోవడానికి ఒక పిల్లాడు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది, చూశారా!

ఇప్పుడు నా సంగతి. ఇది మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. నేను టీచరుగా చేరిన కొత్తలో ఒక తల్లి ఏడేళ్ల కూతుర్ని చంకనెత్తుకుని మా బడికి వచ్చింది. పిల్ల కళ్లు చురుగ్గా ఉన్నాయి, కాళ్లు సన్నగా వేలాడుతున్నాయి. రోజూ ఈ మెట్లు ఎవరెక్కిస్తారమ్మా, ఇంటి పట్టునే ఉంచుకో అని పంపించేశారు. నేను హాజరుపట్టీ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ బడికి ఉన్నవి మూడు మెట్లు. పొద్దునా సాయంత్రం నేనే ఎత్తుకుని ఎక్కిస్తాను, దింపుతాను అని అనలేదు. చాలా ఏళ్ల తర్వాత అక్కడ ర్యాంపు కట్టారు. దాన్ని చూసినప్పుడల్లా ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో అనుకుంటాను.

కిటికీలోంచి గ్రౌండు కనపడకపోవడం నీకు లోటే, కాదనను. కానీ మీ బడివాళ్లు చేసింది ఆ రోజు నేను చేయలేకపోయిన పని. నువ్వు మెట్లు దిగగలవు, ఆ అబ్బాయి ఎక్కలేడు. అందుకే క్లాసు దిగివచ్చింది. ఒకటి గుర్తుంచుకో, సాయం చేద్దామని అడక్కుండా వాడి కుర్చీ తొయ్యకు. అది వాడి ఒంట్లో భాగం లాంటిది. ఆటల పీరియడ్‌లో వాణ్ణి క్లాసులోనే వదిలేసి వెళ్తున్నారేమో చూడు. ఏం ఆడగలడో, ఏం ఆడాలనుందో వాణ్ణే అడుగు.

అన్నట్టు, ఫోనులో అంతసేపు మాట్లాడి చక్రాల కుర్చీ అబ్బాయి అన్నావే గానీ, వాడి పేరు చెప్పలేదు. వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు చెప్పు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ