చుక్కతో దేవమాలి కొండకి

సునాబేడ

పిల్లలూ,

సంక్రాంతికి వస్తూ మీ కుక్క చుక్కని కూడా తెస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దేవమాలి మీద గొలుసు విప్పి దాన్ని పరిగెత్తించాలని ఉందటగా. నాకూ ఆ సరదా ఉంది. 1672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అంతకు మించిన శిఖరం లేదు. పైకి వెళ్తే చెట్లు తక్కువ, కనుచూపు మేర గడ్డే. అయితే ఈ నెల రోజుల్లో చుక్కకి ఒక్కటి నేర్పండి: పిలిస్తే రావడం.

పది మీటర్ల తాడు కట్టి మైదానంలో వదలండి. పేరుతో ఒక్కసారే పిలవండి. పదిసార్లు అరిస్తే పదకొండోసారి వస్తే చాలనుకుంటుంది. రాకపోతే తాడు మెల్లగా దగ్గరికి లాక్కోండి. రాగానే ఉడికించిన కోడి ముక్క పెట్టి, మెచ్చుకుని, మళ్లీ ఆడుకోమని వదిలేయండి. ఇది మరిచిపోకండి. ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రమే పిలిస్తే, పిలుపంటే ఆట అయిపోయినట్టేనని దానికి తెలిసిపోతుంది. ఆలస్యంగా వచ్చినా తిట్టొద్దు. వచ్చినందుకే తిట్టారనుకుంటుంది, ఇంకోసారి రాదు. ఒకవేళ పారిపోతుంటే వెనక పరిగెత్తకండి, అది ఆటనుకుని ఇంకా ఉరుకుతుంది. పేరు పిలుస్తూ మీరే ఎదురు దిక్కుకి పరిగెత్తండి.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మా పాత కుక్కకి నేను ఇవేవీ నేర్పలేదు. ఇంట్లో బుద్ధిగా ఉండేది కదా, కొండ మీద కూడా అలాగే ఉంటుందనుకున్నాను. వాలు మీద మేకలు కనబడగానే దూసుకెళ్లింది. బెదిరిన మేకపిల్ల ఒకటి బండ మీంచి దూకి కాలు విరగ్గొట్టుకుంది. కాపలా పిల్లాడు దాన్ని రెండు చేతులా ఎత్తుకుని దిగువ ఊరికి నడిచాడు. కుక్క మెడకి నా తువ్వాలు కట్టి నేను వాడి వెనకే వెళ్లాను. డబ్బులిచ్చాను, కానీ అది వాడు పెంచుకున్న పిల్ల. తప్పు కుక్కది కాదు, నాది.

కాబట్టి మేకలు, ఆవులు, చిన్నపిల్లలు కనబడితే చుక్క గొలుసుతోనే ఉండాలి. మంచు కమ్మినప్పుడూ అంతే, నాలుగు అడుగుల అవతల ఏముందో మనకే కనబడదు. కిందనున్న అడవి దారిలో అసలు విప్పొద్దు. ఈ కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. కుక్క వాటిని చూసి మొరుగుతుంది, తిరగబడితే భయపడి నేరుగా మన దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకాలే ఎలుగుబంటి.

రేబిస్ టీకా గడువు చూసుకోండి, ఏటా వేయించాల్సిందే. దారిలో ఏ కుక్కయినా మిమ్మల్ని కరిస్తే దాచొద్దు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దిగొచ్చాక చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు పట్టాయేమో వెతకడం బుజ్జిగాడి పని.

కనుమ మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరదాం. చుక్కకి గిన్నె, నీళ్లు నేను తెస్తాను. ఆ పొడుగు తాడు మాత్రం మీరు మరిచిపోకండి.

మీ తాతయ్య